బావా, ముందు మీటరు బోర్డు చూసి రా

ప్రియమైన బావకు,

నీ ఉత్తరం చేరి వారమైంది. "కరెంటు స్కూటరు కొన్నావు కదా, నన్ను కొనమంటావా వద్దంటావా, ఒక్క ముక్కలో చెప్పు" అని రాశావు. ఒక్క ముక్కలో చెప్పడం నా వల్ల ఏనాడైనా అయిందా? కాఫీ కలుపుకుని కూర్చో.

ముందుగా దూరం సంగతి. ఏలూరు నుంచి విజయవాడ వచ్చి, మధ్యలో ఆగకుండా తిరిగి వెళ్ళగలనా అని అడిగావు. రానూ పోనూ నూట ఇరవై కిలోమీటర్లు. నా బండి ఊళ్ళో తొంభై దాకా ఇస్తుంది. హైవే ఎక్కి వేగం గంటకు అరవై దాటిస్తే ఎదురుగాలికే సగం కరెంటు పోతున్నట్టు ముల్లు దిగిపోతుంది. కాబట్టి వెళ్ళలేవు. సరే, నేనొకటి అడుగుతాను, నిజం చెప్పు. ఈ పదిహేనేళ్ళలో స్కూటరు మీద విజయవాడ ఎన్నిసార్లు వచ్చావు? ఒక్కసారి, అదీ ఇంట్లో అలిగి. మిగతా అన్నిసార్లూ రైలేగా! నీ ఇల్లు, ఆఫీసు, కూరల బజారు, పిల్లవాడి ట్యూషన్ అన్నీ కలిపినా రోజుకు పాతిక కిలోమీటర్లు దాటవు. నేనూ కొనేముందు ఇలాగే శ్రీశైలం ఘాట్ రోడ్డు గురించి బెంగపెట్టుకున్నాను. ఇంతవరకూ శ్రీశైలం వెళ్ళనే లేదు.

మంటల భయం మాత్రం కొట్టిపారేయను. 2022 ఏప్రిల్‌లో ఇదే విజయవాడలో ఇంట్లో చార్జింగ్ పెట్టిన బ్యాటరీ పేలి ఒకాయన చనిపోయాడు. అదే నెలలో నిజామాబాద్‌లో ఒక పెద్దాయన. ఆ సెప్టెంబరులో సికింద్రాబాద్‌లో కింద కరెంటు బండ్ల షోరూం, పైన లాడ్జి ఉన్న భవనం అంటుకుని ఎనిమిది మంది పోయారు. ఆ వార్తలు చదివాకే మా అమ్మ "ఆ బండి గుమ్మం ఎక్కడానికి వీల్లేదు" అంది. ఆ తర్వాత కేంద్రం బ్యాటరీ పరీక్షలను కట్టుదిట్టం చేసింది. ఆ నిబంధనలు 2022 డిసెంబరులో ఒక విడత, 2023 మార్చిలో రెండో విడత అమలుకు వచ్చాయి. అందుకే పాత నిల్వ బండి చవకగా ఇస్తామంటే ఆశపడకు. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకం బ్యాటరీ దొరికితే అదే తీసుకో, వేడికి అది కొంత మేలు. రోహిణీ కార్తెలో రోళ్ళు పగిలే ఎండలో తిరిగి రాగానే ప్లగ్గు పెట్టకు, అరగంట చల్లారనివ్వు.

ఇక అసలు కథ. బండి కొనడానికి నాకు రెండు గంటలు పట్టింది. దానికి ప్లగ్ పాయింటు పెట్టించుకోవడానికి మూడు నెలలు పట్టింది. మా అపార్ట్‌మెంటులో మీటర్లన్నీ కిందే, మెట్ల పక్కనే. నా మీటరు నుంచి నా పార్కింగు స్తంభం దాకా పదిహేను అడుగుల తీగ, పదిహేను ఆంపియర్ల సాకెట్, లోడు ఎక్కువైతే తనంతట కరెంటు ఆపేసే ఎం.సి.బి. స్విచ్చి ఒకటి, సరైన ఎర్తింగ్, అంతే. పని పూటలో అయిపోతుంది. అనుమతే రాలేదు! సంఘం సమావేశంలో ఒకాయన మంటలన్నాడు. ఇంకొకాయన గోడ అందం చెడుతుందన్నాడు, పదేళ్ళుగా సున్నం చూడని గోడ అది. కార్యదర్శి మాత్రం నిదానంగా "రేపు అందరూ అడిగితే?" అన్నాడు. అడిగితే అందరికీ ఇవ్వాలి, అందులో తప్పేముందో నాకు ఇప్పటికీ అర్థం కాదు. ఇంటి కనెక్షన్ మీదే బండి చార్జింగ్ పెట్టుకోవచ్చని కేంద్ర విద్యుత్ శాఖ మార్గదర్శకాల్లోనే ఉంది. ఆ కాగితం అచ్చు తీసి చూపిస్తే, "అది ఢిల్లీలో" అన్నారు. చివరికి నా డబ్బుతో ఒక మంటలార్పే సిలిండర్ కొని స్తంభానికి తగిలిస్తానంటే ఒప్పుకున్నారు.

నాది సొంత ఇల్లు కాబట్టి మూడు నెలల్లో తేలింది. రెండో అంతస్తులో అద్దెకుండే కుర్రాడికీ ఇదే బండి మీద మనసు. ఇంటి యజమాని గోడకు మేకు కొట్టనివ్వడు, ఇక తీగెక్కడ? మళ్ళీ పెట్రోలు బండే కొన్నాడు. అడిగిన వాళ్ళతో మాత్రం "రేంజ్ చాలదండీ" అంటున్నాడు. ఇంటాయన ఒప్పుకోలేదని చెప్పుకోవడం కన్నా అది గౌరవంగా ఉంటుంది కదా.

ఖర్చు గురించి ఎక్కువ రాయను. కిలోవాట్ అవర్ అంటే మన బిల్లులో ఒక యూనిట్టే. మూడు కిలోవాట్ అవర్ల బ్యాటరీ నిండడానికి నష్టాలతో కలిపి మూడున్నర యూనిట్లు. పై శ్లాబులో పడి, ఆ సర్దుబాటు చార్జీలూ కలిసి యూనిట్ పది రూపాయలనుకున్నా ముప్పై అయిదు. దాంతో వచ్చే ఆ తొంభై కిలోమీటర్లకు నీ పాత బండి రెండు లీటర్ల పెట్రోలు తాగుతుంది. లెక్క నువ్వే వేసుకో.

ధర ఇంకొంత తగ్గాక కొంటానన్నావు. సబ్సిడీ మాత్రం నీ కోసం ఆగలేదు. బ్యాటరీలో ఒక్కో కిలోవాట్ అవర్‌కు కేంద్రం 2021 జూన్‌లో 15,000 రూపాయలు ఇచ్చేది. 2023 జూన్‌లో 10,000, 2024 ఏప్రిల్‌లో 5,000, ఆ మరుసటి ఏడు 2,500. తెలంగాణలో 2026 డిసెంబరు ఆఖరు దాకా రోడ్డు పన్ను లేదని మా బావమరిది ఫోన్ చేసి మరీ ఊరిస్తాడు.

నన్ను నిజంగా ఏడిపించింది మరమ్మతు. ఆటోనగర్ ఉన్న ఊళ్ళో ఉంటూ, బండి బాగుచేసేవాడి కోసం వెతుక్కున్నాను బావా! లారీ ఇంజను విప్పి బిగించే మేస్త్రి నా స్కూటరు చుట్టూ ఒకసారి తిరిగి, "ఇందులో విప్పడానికేముందండీ" అని చేతులు తుడుచుకున్నాడు. తెర నల్లబడి బండి పదకొండు రోజులు సర్వీసు కేంద్రంలో పడి ఉంది, విడిభాగం రావాలట. ఆ పదకొండు రోజులూ బస్సే. అందుకని నువ్వు కంపెనీ పేరు చూడకు. మీ ఏలూరులోనే సర్వీసు కేంద్రం ఉందా, అక్కడ బండ్లు ఎన్నాళ్ళు పడి ఉంటున్నాయో వెళ్ళి చూడు. బయట నిలబడ్డ వాళ్ళను అడిగితే వద్దన్నా చెబుతారు. బ్యాటరీకి వారంటీ ఎన్నేళ్ళో కాగితం మీద చదువు, ఎందుకంటే రేపు అమ్మబోతే కొనేవాడు అడిగేది అదొక్కటే.

ఈ ఆదివారం టేపు పట్టుకుని కిందికి దిగి, మీటరు బోర్డు నుంచి నీ పార్కింగు దాకా ఎన్ని అడుగులో కొలిచి రాయి. ఆ తర్వాతే షోరూముకు వెళ్ళు. సంక్రాంతికి రైల్లోనే రా. స్టేషన్‌కు బండి వేసుకుని వస్తాను. చప్పుడు వినబడదు, ఆకుపచ్చ నంబరు ప్లేటు చూసి గుర్తుపట్టు.

నీ
బావ