అమ్మ పోయాక నా పక్కన కూర్చున్న వాళ్లందరికీ

అందరికీ ప్రభువు నామంలో వందనాలు.

అమ్మ పోయినప్పుడు ఇంటికి వచ్చినవాళ్లు, ఫోన్ చేసినవాళ్లు, నా పేరు పెట్టి ప్రార్థన చేసినవాళ్లు చాలామంది ఉన్నారు. అప్పుడు ఎవరికీ సరిగా కృతజ్ఞత చెప్పుకోలేకపోయాను. నిజం చెప్పాలంటే ఎవరు వచ్చారో, ఎవరు వెళ్లారో కూడా నాకు పూర్తిగా గుర్తులేదు. ఇప్పుడు కాస్త తేరుకున్నాను కాబట్టి రాస్తున్నాను.

నన్ను కుంగదీసింది దుఃఖం ఒక్కటే కాదు. "ఇంకాస్త ముందే హాస్పిటల్‌కి తీసుకెళ్లి ఉంటే" అన్న ఆలోచన పగలూ రాత్రీ తొలిచేసేది. ముందు తెచ్చినా ఫలితం ఇంతేనని డాక్టర్ గారు స్పష్టంగా చెప్పారు. నా చెవికెక్కలేదు. మోకాళ్ల మీద పడి "ప్రభువా, క్షమించు" అనేదాన్ని, లేచేసరికి మళ్లీ అదే బరువు. కొన్నాళ్లకు అడగడమే మానేశాను. బైబిల్ తెరిస్తే అక్షరాలు కనిపించేవి, అంతే.

ముందుగా పాస్టరమ్మగారికి. ఆవిడ వచ్చిన రోజు నాకు ధైర్యవచనాలేవీ చెప్పలేదు. 130వ కీర్తన తీసి నా ఒళ్లో పెట్టి, "నువ్వే చదువమ్మా" అన్నారు. ఉన్నవి 8 వచనాలే. "అగాధస్థలములలోనుండి" అన్న దగ్గరే గొంతు పూడుకుపోయింది. ఎలాగో ముందుకు వెళ్తే, ఆరో వచనంలో "కావలివారు ఉదయముకొరకు కనిపెట్టుటకంటె ఎక్కువగా" అని రెండుసార్లు ఉంది. అచ్చుతప్పేమో అనుకుని ఆగాను. ఆవిడ నవ్వి, "రాత్రి కాపలా కాసేవాడికి టైం ఎలా గడుస్తుంది? ఒకసారి అంటే సరిపోదు" అన్నారు. నిద్ర లేని నాకు ఇంకెవరూ విడమరచి చెప్పక్కర్లేకపోయింది.

తర్వాత వెనక్కి వెళ్లి మూడు, నాలుగు వచనాలు చదివించారు. దోషాలు లెక్కపెడితే ఎవడు నిలువగలడన్న ప్రశ్న, దాని వెంటనే "నీయొద్ద క్షమాపణ దొరుకును" అన్న మాట. అప్పుడు ఆవిడ అన్నది ఇప్పటికీ మర్చిపోలేదు: "నీది కాని తప్పుకి క్షమాపణ అడుగుతూ ఉంటే అది ఎన్నటికీ అందినట్టే ఉండదమ్మా. దాన్ని ఆయన చేతిలో పెట్టేసెయ్. నిజంగా ఒప్పుకోవాల్సింది ఏదైనా ఉంటే అది అడుగు. అడిగాక మళ్లీ తవ్వుకోకు." ఏది ఏదో తేల్చుకోవడానికి నాకు చాలా టైం పట్టింది. రెండోది ఏమిటన్నది నాకూ దేవునికీ మధ్య ఉండనివ్వండి. క్షమించాడని మాత్రం నమ్ముతున్నాను.

రోజూ రాత్రి ఫోన్ చేసిన అక్కకి. ప్రార్థన రావడం లేదని ఏడిస్తే, 88వ కీర్తన చదవమంది. తెరిచి చూస్తే అందులో చివరికి కూడా వెలుగు రాదు. "చీకటియే నాకు బంధువర్గమాయెను" అని ముగుస్తుంది. ఇలా మాట్లాడినవాడి మాట కూడా ప్రార్థనగానే లెక్కలోకి వచ్చిందంటే, నా ఏడుపు కూడా వస్తుందనిపించింది. ఆ రాత్రి చాలాకాలం తర్వాత దేవునితో మాట్లాడాను. దెబ్బలాడాను అనాలేమో.

మా సంఘపెద్ద గారికి ప్రత్యేకంగా. కౌన్సెలింగ్‌కి వెళ్తే విశ్వాసం తక్కువైనట్టేమోనని నేను టెన్షన్ పడుతుంటే, ఆయన బైబిల్లోని ఏలీయా ప్రవక్త సంగతి తీశారు. కర్మెలు కొండ మీద అంత విజయం చూసినవాడు, తర్వాతి అధ్యాయంలోనే బదరీవృక్షం కింద కూలబడి చావు కోరుకున్నాడు. దేవుడు ఆయన్ని కోప్పడలేదు. దూత చేత అప్పం, నీళ్లు పంపించాడు, మళ్లీ పడుకోనిచ్చాడు, మళ్లీ లేపి తినిపించాడు. హోరేబు కొండకి నడిపించి మాట్లాడింది ఆ తర్వాతే. "శరీరాన్ని చూసుకోవడం కూడా ఆయన పనేనమ్మా" అని, తనే తీసుకెళ్లి, నేను లోపల ఉన్నంతసేపూ బయట బెంచీ మీద కూర్చున్నారు. వంట చేసి పెట్టి, నేను తినేదాకా కదలని స్నేహితురాలు నాకు ఆ దూత లాగే అనిపించింది.

ఒక్క మాట మాత్రం చెప్పాలి. అమ్మ జబ్బుకి ఇంట్లో ఏదో పాపం కారణమని కొందరు అన్నారు. పుట్టుగుడ్డివాడి విషయంలో శిష్యులు ఇదే అడిగితే, యేసు ప్రభువు వాడూ కాదు, వాడి తల్లిదండ్రులూ కాదు అన్నాడు. యోహాను సువార్త 9వ అధ్యాయంలో ఉంది. అన్నవాళ్ల మీద ఇప్పుడు కోపం లేదు. దయచేసి ఇంకో ఇంట్లో అనకండి.

నాకు పూర్తిగా నయమైపోయిందని చెప్పను. కొన్ని రోజులు ఇంకా కష్టంగానే గడుస్తున్నాయి. ప్రార్థనలో నన్ను మానేయకండి.

అక్కా, రాత్రి ఫోన్ చేయాల్సినవాళ్లు ఇంకా ఉన్నారన్నావు కదా, అందులో ఒకరిద్దరిని నాకు అప్పగించు. నాకు ఎలాగూ నిద్ర ఆలస్యమే.