మామా, ఏడో సంతకం నీదే

రేయ్ మామా,

తోతాపురి మామిడి లారీలు వరసగా దిగే ఈ నెలలో ఫ్యాక్టరీలో నీకు అన్నం తినే తీరిక కూడా ఉండదని తెలుసు. ఫోన్ చేస్తే సగంలోనే "మళ్ళీ చేస్తా రా" అని పెట్టేస్తావు. అందుకే ఉత్తరం రాస్తున్నా. చివర్లో నీకో పని కూడా ఉంది. ఇప్పుడే చెప్తే ఇక్కడితో మడిచి పెట్టేస్తావు కాబట్టి చెప్పను.

నేను సీఆర్, అదే క్లాసు రిప్రజెంటేటివ్ అయిన సంగతి నీకు తెలుసు కదా. దిగిపోయిన సంగతి మాత్రం చెప్పలేదు. తలకోన ట్రిప్పు దగ్గరే వచ్చింది తంటా. 48 మంది, తలా 350, మొత్తం 16,800 వసూలు చేశా. బస్సుకి 11,500, భోజనాలకి 4,200, టికెట్లూ పార్కింగూ నీళ్ళ సీసాలూ అన్నీ కలిపి 650. మిగిలింది 450. ఆ డబ్బు నా జేబులోనే ఉంది, లెక్క నా తలకాయలోనే ఉంది. ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. రెండు వారాలు తిరిగేసరికి ఆ 450 క్యాంటీన్లో రెండు వేలయింది, హాస్టల్లో నాలుగు వేలయింది. ఒకడైతే నా కొత్త చెప్పుల్ని చూసి నవ్వాడు. అవి మా నాన్న కొనిచ్చినవి రా!

నాకు కోపమొచ్చి క్లాసు ముందు నిలబడి ఇరవై నిమిషాలు ఉపన్యాసం దంచా. త్యాగం, నమ్మకం, ఇంకా ఏవేవో. ముందు బెంచీ అమ్మాయి చెయ్యెత్తి, "అదంతా సరే, బస్సు రసీదు ఉందా?" అంది. లేదు. బస్సతను ఇవ్వలేదు, నేను అడగలేదు. ఆ రోజే రాజీనామా చేశా. పోస్టు పోయినందుకు కాదు గానీ, ఆ రసీదు మాట మాత్రం ఇప్పటికీ గుచ్చుతుంది.

తర్వాత మే నెలలో తాతయ్యగుంట గంగమ్మ జాతరకి పోయా. ఈసారి నువ్వు రాలేదు. దొర వేషం కట్టినవాళ్ళని చూస్తుంటే చిన్నప్పుడు అవ్వ చెప్పిన కథ గుర్తొచ్చింది. ఆడవాళ్ళని చెరబట్టిన పాలెగాడు గంగమ్మకి భయపడి దాక్కున్నాడు కదా. అమ్మవారు బైరాగిగా వచ్చింది, ఊరి పనులు చేసే తోటిగా వచ్చింది, వాడు కదల్లేదు. దొరగా వచ్చేసరికి మాత్రం బయటికొచ్చి దొరికిపోయాడు. చిన్నప్పుడు అమ్మవారి తెలివికి మురిసిపోయేవాణ్ణి. ఈసారి ఆ పాలెగాడి బుర్ర మీద ఆలోచన పడింది. బైరాగికి తలుపు తియ్యనివాడు దొర టోపీ కనిపిస్తే చాలు పరిగెత్తుకొచ్చాడు. సీఆర్‌గా ఉన్నప్పుడు నేనూ అంతే, హెచ్‌ఓడీ పిలిస్తే పరుగు, వెనక బెంచీవాడు పిలిస్తే "తర్వాత చూద్దాం".

రాజకీయం అంటే నాకు తెలిసింది మా చిన్నమ్మ ఒక్కతే. 2021 ఫిబ్రవరిలో మహిళలకి రిజర్వు అయిన సీట్లో సర్పంచ్‌గా గెలిచింది కదా. పంచాయతీ ఎన్నికల్లో పార్టీ గుర్తులుండవు, కానీ ఎవరు ఏ పార్టీయో ఊళ్ళో పసిపిల్లోణ్ణి అడిగినా చెప్తాడు. గెలిచింది చిన్నమ్మ, దండలు పడింది చిన్నాన్నకి. ఆఫీసు కుర్చీలో ఆయన, పక్కన స్టూలు మీద ఈమె. సంతకం పెట్టాలన్నప్పుడు స్టూలు కాస్త ముందుకి జరిగేది. చట్టంలో సగం సీట్లు ఆడవాళ్ళకిచ్చారు గానీ, కుర్చీలో ఎవరు కూచోవాలో ఇంట్లోనే తేలుతుంది.

ఆ తర్వాతి ఎండాకాలం బోరు మోటారు కాలిపోయింది. చిన్నాన్న అప్పుడు బెంగళూరులో ఉన్నాడు. బిందెలన్నీ వాకిట్లోకొచ్చేశాయి. చిన్నమ్మే ఆటో మాట్లాడుకుని మోటారుని పలమనేరుకి వేసుకుపోయి, రీవైండింగ్ అయ్యేదాకా ఆ షాపు ముందే కూచుని, మర్నాటి సాయంత్రానికి నీళ్ళు వదిలించింది. అది పెద్ద సంగతి కాదు, ఎవరైనా చేస్తారు. అసలు సంగతి ఆ తర్వాత. సుద్దముక్క తీసుకుని ట్యాంకు గోడ మీద రీవైండింగుకి ఇంత, పైపులు లాగిన కూలి ఇంత, ఆటో బాడుగ ఇంత అని రాసిపెట్టింది. అక్షరాలు కోడి గీరినట్టున్నాయి. ఎదుటి పార్టీ ముసలాయన వచ్చి, కళ్ళజోడు సర్దుకుని, కూడి చూసుకుని, "పది రూపాయలు తక్కువేసినావు మే" అన్నాడట! అప్పట్నించీ పని ఉన్నవాళ్ళు నేరుగా స్టూలు దగ్గరికే వచ్చారు. చిన్నాన్న కుర్చీలో పేపరు చదువుకున్నాడు.

ఆ గోడ నేను అప్పుడే చూశా రా. చూసి నవ్వుకుని వచ్చేశా. తలకోనకి పోయేముందు గుర్తొచ్చుంటే ఎంత బాగుండేది.

ఇంకోటి. మన తిరుచానూరులో పుట్టిన మాడభూషి అనంతశయనం అయ్యంగార్ 1956 నుంచి 1962 దాకా లోక్‌సభ స్పీకర్ కదా. జీకే బిట్టుగా బట్టీ పట్టాం, మార్కు తెచ్చుకున్నాం, వదిలేశాం. ఆ ఉద్యోగం ఏంటని ఎప్పుడూ ఆలోచించలేదు. సభలో ఆయన పని అందరికీ వంతు ఇవ్వడం. ఓటు కూడా రెండు పక్షాలూ సమానమైతేనే వెయ్యాలి. నేను సీఆర్‌గా పెట్టిన మీటింగుల్లో మొదట మాట్లాడిందీ నేనే, చివర మాట్లాడిందీ నేనే.

కొండ మీద శ్రీవారి సేవకి అమ్మవాళ్ళ బ్యాచ్‌తో వారం రోజులు పోయొచ్చా. మా టీమ్ లీడర్ టిఫిన్ కొట్టు నడిపే ఆవిడ. టీములో రిటైరైన బ్యాంకాయన ఉన్నాడు, లెక్చరర్ ఉన్నాడు. జీతం కోస్తానని బెదిరిద్దామంటే అక్కడ ఎవరికీ జీతమే లేదు. అయినా అందరూ ఆవిడ మాట విన్నారు. ఎందుకో మూడో రోజు గానీ అర్థం కాలేదు. ఎవరూ ఒప్పుకోని రాత్రి డ్యూటీ చీటీలో ముందు తన పేరు రాసుకుని, తర్వాత చీటీని మాకిచ్చేది. కవయిత్రి తరిగొండ వెంగమాంబ పేరు పెట్టిన ఆ అన్నప్రసాద భవనంలో అంతమందికి వడ్డిస్తుంటే, "నేను మాజీ సీఆర్‌ని" అని చెప్పుకునే అవకాశమే రాలేదు.

సరే, ఇప్పుడు పని. నలుగురం కలిసి ఇక్కడ తిరుపతి బైరాగిపట్టెడలో సాయంత్రాలు పిల్లలకి లెక్కలూ ఇంగ్లీషూ చెప్తున్నాం. ఇప్పుడు ఆరుగురమయ్యాం. సొసైటీగా రిజిస్టర్ చేద్దామంటే 2001 చట్టం ప్రకారం కనీసం ఏడుగురు ఉండాలి. మొదటి మీటింగు పెట్టాం. ప్రెసిడెంటుకి నలుగురు రెడీ, సెక్రటరీకి ఇద్దరు. ట్రెజరర్ అనగానే అందరూ ఫోన్లు చూసుకున్నారు. నన్ను అడిగే ధైర్యం ఎవరికీ లేదు, అడిగితే చెప్పే మొహం నాకూ లేదు.

ఇంటర్‌లో నేను అప్పు తీసుకున్న ఏడు రూపాయలు నోటుబుక్కు వెనక రాసిపెట్టి, డిగ్రీ ఫైనల్‌లో అడిగి మరీ వసూలు చేసినవాడివి నువ్వు. అప్పుడు నిన్ను నానా తిట్లూ తిట్టా. ఆ తిట్లన్నీ వాపసు తీసుకుంటున్నా.

కాయల సీజను అయ్యాక ఒక ఆదివారం రా. చిత్తూరు నుంచి రెండు గంటలేగా. ఆధార్ జిరాక్సు, రెండు ఫొటోలు తెచ్చుకో. బస్టాండుకి నేనొస్తా. అమ్మ సంగటీ ఊరిబిండీ చేస్తానంది. బస్సు టికెట్టు పారెయ్యకు, మొదటి రసీదు అదే.

నీ
మాజీ సీఆర్

తా.క.: ఆ 450 ఇంకా నా దగ్గరే ఉంది. 48తో భాగిస్తే మనిషికి తొమ్మిది రూపాయల చిల్లర వస్తోంది. ఏం చెయ్యాలో నువ్వే చెప్పు.