సీనూ, ఈవెంట్ల గురించి నువ్వడిగినదానికి

ఒరేయ్ సీనూ,

నీ మెసేజ్ చదివాక ఫోన్‌లో రెండు ముక్కలు కొట్టి వదిలేయబుద్ధి కాలేదు. తీరిగ్గా రాద్దామని కూర్చున్నాను. చెల్లెమ్మ, పాప కులాసాయే కదా?

పాప పడుకున్నాక దొరికే ఆ గంటలో గెన్‌షిన్ ఇంపాక్ట్ అనే ఆన్‌లైన్ ఆట ఆడుతున్నానన్నావు. కొన్ని వారాలే ఉండి పోయే ఈవెంట్ వచ్చిందంటే టెన్షన్ మొదలవుతోందట. ఆడితే నిద్ర చెడుతోంది, వదిలేస్తే ఏదో పోగొట్టుకున్నట్టు ఉంటోంది. అసలీ ఈవెంట్లు మనలా తీరిక ఉన్నప్పుడే ఆడేవాళ్లకి పనికొస్తాయా అనేగా నీ ప్రశ్న? పనికొస్తాయిరా. కాకపోతే నువ్వు దిగులుపడుతున్నది బహుమతుల గురించి. నాకు దిగులంతా కథల గురించి.

ముందు బహుమతుల సంగతి తేల్చేస్తాను. కొత్త పాత్ర కోసం లాటరీలా వేసే ఒక్కో విష్‌కి 160 ప్రైమోజెమ్స్ (ఆటలో డబ్బులాంటి రత్నాలు) కావాలి. పెద్ద ఈవెంట్ మొత్తం ఆడినా వచ్చేవి చాలావరకు వెయ్యి లోపే, అంటే ఆరు విష్‌లు. ఐదు నక్షత్రాల పాత్ర కచ్చితంగా దక్కాలంటే 90 విష్‌ల దాకా పెట్టాల్సి రావచ్చు. రోజూ చేసే నాలుగు కమిషన్లకే (చిన్న చిన్న పనులకే) 60 జెమ్స్ వస్తున్నప్పుడు, ఒక ఈవెంట్ వదిలేసినంత మాత్రాన నువ్వు వెనకబడిపోయేదేమీ లేదు. దానికోసం నిద్ర మానుకోకు.

ఇంకో మాట. ఆసియా సర్వర్‌లో రోజు మారేది చైనా టైం ప్రకారం తెల్లవారుజామున 4 గంటలకి. మన లెక్కలో అది రాత్రి ఒంటిగంటన్నర. నీ పదకొండు గంటల ఆటకి ఇంకా బోలెడు వ్యవధి ఉన్నట్టే. నోటీసులో ఆఖరి గడువు 03:59 అని కనిపిస్తే అందులోంచి రెండున్నర గంటలు తీసెయ్, అంతే. పైగా పెద్ద ఈవెంట్లు చాలావరకు రోజుకో అంచె చొప్పున తెరుచుకుంటాయి. తెరుచుకున్నవి ఈవెంట్ అయ్యేదాకా అలాగే ఉంటాయి. కాబట్టి రోజూ పరిగెత్తక్కర్లేదు. అన్నీ తెరుచుకున్నాక ఒక ఆదివారం మధ్యాహ్నం కూర్చుంటే వరసగా లాగించేయొచ్చు. నేనైతే అలాగే ఆడతాను. కథంతా ఏకబిగిన నడుస్తుంది కాబట్టి నాకు అదే బాగుంటుంది కూడా.

మనలాంటివాళ్లకి నిజంగా మేలు చేసిన మార్పు ఏదంటే నేను రెసిన్ (ఆటలో బహుమతులు తీసుకోవడానికి ఖర్చయ్యే శక్తి) పేరే చెబుతాను. ఎనిమిది నిమిషాలకి ఒక రెసిన్ చొప్పున నిండుతుంది కదా. ఇదివరకు గరిష్ఠం 160 ఉండేది, అంటే 21 గంటల 20 నిమిషాల్లో నిండిపోయేది. ప్రతి రాత్రీ ఒకే వేళకి ఆటలోకి వచ్చేవాడికి రోజుకి రెండు గంటల పైన ఊరికే పోయేది. 2024లో దాన్ని 200 చేశారు. ఇప్పుడు నిండడానికి 26 గంటల 40 నిమిషాలు పడుతుంది. రోజుకొక్కసారి వచ్చినా ఒక్క రెసిన్ కూడా వృథా కాదు. ఉద్యోగం, సంసారం ఉన్న మనిషిని గుర్తుపెట్టుకోవడమంటే ఇదీ!

ఇక కథల సంగతి. 2021 వేసవిలో గోల్డెన్ ఆపిల్ అని ఒక ద్వీపసమూహం తెచ్చారు. కొన్ని వారాలుంచి తీసేశారు. 2022లో మళ్లీ తెచ్చారు. అప్పుడు మోనా, ఫిష్ల్, షిన్‌యాన్, కజుహా అనే పాత్రల్లో ఒక్కొక్కరి మనసులోకీ తీసుకెళ్లే కథలు పెట్టారు. ఫిష్ల్ ఊహాలోకమంతా ఒక కోటగా మారి మన చుట్టూ నిలబడుతుంది, అందులో తిరుగుతూ ఆ పిల్లని అర్థం చేసుకుంటాం. మొత్తం ఆటలో నాకు బాగా నచ్చిన ఘట్టాల్లో అదొకటి. గడువు అయిపోగానే అదీ పోయింది. నువ్వు ఆట మొదలుపెట్టింది పోయినేడాది, కాబట్టి నీకు దాన్ని ఆడి చూసే దారే లేదు. యూట్యూబ్‌లో చూడొచ్చు గానీ, అది చూడటమే అవుతుంది, ఆడటం కాదు కదా. దీనిమీద నాకు నిజంగా కోపంరా. ఇన్నాళ్లు కష్టపడి గీసి, రాసి, సంగీతం కట్టిన పనిని ఆరు వారాలకే పారేయడమేమిటి? రోజుకి పది గంటలు కూర్చునేవాడికి దీనివల్ల ఏ నష్టమూ లేదు. పరీక్షలున్న పిల్లాడికీ, అప్పుడే బిడ్డ పుట్టిన తండ్రికీ, ఊరెళ్లినవాడికీ నష్టం.

ఇది మార్చలేనిదేమీ కాదు. గిల్డ్ వార్స్ 2 అనే ఇంకో ఆన్‌లైన్ ఆట వాళ్లూ 2013లో ఇదే దారి పట్టారు. రెండు వారాలకోసారి కొత్త కథ, పాతది మాయం. 2014 ఫిబ్రవరిలో స్కార్లెట్ అనే ఆవిడ లయన్స్ ఆర్చ్ నగరాన్ని నేలమట్టం చేసింది. ఆ తర్వాత చేరినవాళ్లకి శిథిలాలు కనిపించేవి, ఎందుకలా అయ్యిందో ఆడి తెలుసుకునే వీలుండేది కాదు. రెండో సీజన్ నుంచి కథల్ని ఎప్పుడైనా ఆడుకునేలా ఉంచేశారు. ఆ మొదటి సీజన్‌ని కూడా 2022లో మళ్లీ కట్టి శాశ్వతంగా పెట్టారు. ఆలస్యంగానైనా చేశారు. వాళ్లకి సాధ్యమైనప్పుడు మిగతావాళ్లకి ఎందుకు కాదు?

ఆ ఆటలోనే షాడో బెహెమోత్ అని ఒక ఈవెంట్ ఉంది. మనలాంటివాళ్ల ఈవెంట్ ఎలా ఉండాలని ఎవరైనా అడిగితే నేను దాన్నే చూపిస్తాను. క్వీన్స్‌డేల్ అనే ప్రాంతంలో చిత్తడి నేల. మన టైంలో రాత్రి 9:15కి వస్తుంది, అది దాటితే 11:15కి. రెండు గంటలకోసారి, రోజంతా. ముందు నుంచే జనం చేరుతుంటారు. ఊదారంగు ద్వారాలు తెరుచుకుంటాయి, వాటిని మూయాలి. తర్వాత కొండంత నీడ నడుం దాకా నేలలోంచి లేస్తుంది. అన్నిటికంటే పైదైన 80వ లెవెల్ వాడొచ్చినా ఆ చోటికి తగ్గట్టు వాడి బలం తగ్గిపోతుంది, కాబట్టి నిన్న చేరినవాడి దెబ్బకీ విలువుంటుంది. పార్టీలో చేరక్కర్లేదు, ఎవర్నీ బతిమాలక్కర్లేదు. నువ్వు పడిపోతే ముక్కూమొహం తెలియనివాళ్లు పరిగెత్తుకొచ్చి లేపుతారు. పది పదిహేను నిమిషాల్లో అంతా అయిపోతుంది, పెట్టె తీసుకుని వెళ్లి పడుకోవచ్చు. ఇవాళ కుదరకపోతే రేపూ అదే వేళకి ఉంటుంది.

వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ అనే ఇంకో ఆటలో 2006 జనవరిలో ఆన్‌కిరాజ్ అనే నగరం తలుపులు తెరిచిన సంగతి విన్నావా? సర్వర్ సర్వరంతా సామాన్లు పోగేస్తేనే తెరుచుకునేవి. రాగి కడ్డీలు, తోళ్లు, చివరికి మామూలు నార కట్లు కూడా కావాలి. కొత్తగా చేరినవాడైనా నాలుగు కట్లు కుట్టి ఇవ్వొచ్చు. తలుపులు తెరిచే గంట మోగించిన ఘనత పెద్ద గిల్డుల (ఆటగాళ్ల బృందాల) వాళ్లకే దక్కింది, అది వేరే విషయం. కానీ ఆ యుద్ధంలో చిన్నవాడికీ చెయ్యి కలపడానికి చోటు పెట్టారు చూడు, అది నాకు ఇష్టం.

నువ్వు ఇప్పుడు చేయాల్సింది ఏమిటంటే: ఈవెంట్‌లో కథ ఉంటే కథే ముందు పూర్తిచెయ్. స్కోరు కోసం మళ్లీ మళ్లీ ఆడించే అంచెలు మిగిలితే మిగలనీ. పాత క్వెస్టులు (కథలోని పనులు) కాలేదని ఆపితే క్విక్ స్టార్ట్ నొక్కి వెళ్లొచ్చు గానీ, ముందు జరగబోయేవి తెలిసిపోతాయి, అది నీకు పర్వాలేదనుకుంటేనే నొక్కు. ప్రతి వెర్షన్‌కీ వాళ్లు పంపే సర్వేలో ఈవెంట్ కథల్ని దాచి ఉంచమని రాయి. నేను ప్రతిసారీ రాస్తున్నాను.

గిల్డ్ వార్స్ 2 మొదటి భాగం ఉచితమే, కంప్యూటర్ మాత్రం కావాలి. యూరప్ సర్వర్ ఎంచుకో, మనిషి జాతి పాత్ర తీసుకో, నేరుగా క్వీన్స్‌డేల్‌లోనే మొదలవుతావు. రేంజర్ అయితే దూరం నుంచి బాణాలు వేయొచ్చు, సర్వర్‌కి మన సంకేతం ఆలస్యంగా చేరే మన పింగ్‌కి అదే సుఖం. శనివారం తొమ్మిదింటికల్లా చిత్తడి దగ్గర ఉంటాను. పాప పడుకోకపోతే కంగారు పడకు, 11:15కి కలుద్దాం.

అమ్మకి నమస్కారాలు చెప్పు.

నీ,
ప్రసాద్