ఫ్యూజుల దాకా ఆలోచించిన పూర్వ విద్యార్థులకు, దాతలకు కృతజ్ఞతలు

మా ఇంజనీరింగ్ విద్యార్థులకు ఈ ఏడాది అండగా నిలిచిన పూర్వ విద్యార్థులకూ, ఈ విశ్వవిద్యాలయంలో చదవకపోయినా ముందుకొచ్చిన దాతలకూ విద్యార్థులు, ల్యాబ్ సిబ్బంది అందరి తరఫునా మనస్ఫూర్తిగా ధన్యవాదాలు. మీరిచ్చిన డబ్బు ఎటు వెళ్లిందో మీకు తెలియాలి, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాం.

విరాళం అనగానే అందరికీ పెద్ద యంత్రమే గుర్తొస్తుంది. ల్యాబ్‌లో పని ఆగేది మాత్రం చాలాసార్లు చిన్న వస్తువు దగ్గరే. మల్టీమీటర్ సంగతే చూడండి. కరెంటు కొలిచిన తర్వాత ఎర్ర వైరును 10 ఆంపియర్ల సాకెట్లోనే ఉంచేసి వోల్టేజీ కొలవబోతారు. ఆ సాకెట్ వెనక నిరోధం దాదాపు సున్నా కాబట్టి సప్లై నేరుగా షార్టై, లోపలి ఫ్యూజు పోతుంది. నేర్చుకునేవాళ్లు ఎవరైనా చేసే పొరపాటే ఇది. సరైన ఫ్యూజు దొరక్కపోతే ఆ మీటరు అలమరలో చేరుతుంది. లేదా ఎవరో మామూలు గాజు ఫ్యూజు పెట్టేస్తారు, అది ఇంకా ప్రమాదం. పెద్ద షార్టు కరెంటు వస్తే గాజు ఫ్యూజు పగిలిపోయి లోపల ఆర్క్ (గాలిలో మెరుపులా సాగే విద్యుత్తు) కొనసాగవచ్చు, మీటరు చేతిలోనే పేలవచ్చు. మీలో కొందరు ఏ షరతూ పెట్టకుండా ‘ల్యాబ్ ఖర్చులకు’ అని ఇచ్చిన మొత్తంతో మీటరు తయారీదారు చెప్పిన రేటింగుకు సరిపోయే, ఇసుక నింపిన సిరామిక్ ఫ్యూజులు కొన్నాం. అలమరలో ఉన్న మీటర్లు మళ్లీ బల్లల మీదికొచ్చాయి.

సోల్డరింగ్ బిట్లు (భాగాలను అతికించే లోహమైన సోల్డరును కరిగించే వేడి మొనలు), విద్యుత్ సంకేతాలను తెర మీద గీతగా చూపే ఆసిలోస్కోప్ ప్రోబులు కూడా అదే నిధిలోంచి వచ్చాయి. ఎక్కువగా వాడే సీసం లేని సోల్డరు 217 డిగ్రీల సెల్సియస్ దగ్గర గానీ కరగడం మొదలుపెట్టదు, 63 శాతం తగరం, 37 శాతం సీసం ఉండే సోల్డరు 183కే కరుగుతుంది. అందుకని సోల్డరింగ్ స్టేషన్ వేడి పెంచి వాడతారు, బిట్టు త్వరగా నల్లబడుతుంది. నల్లబడిందని గరుకు కాగితంతో రుద్దితే పైనున్న ఇనుప పూత పోతుంది, లోపలి రాగిని సోల్డరు తినేస్తుంది. బిట్లతో పాటు, పూత పోకుండా వాటిని తుడిచే ఇత్తడి పీచు కూడా కొనమని సూచించిన పూర్వ విద్యార్థికి ప్రత్యేకంగా కృతజ్ఞతలు. తయారీ రంగంలో పనిచేసేవాళ్లకే తట్టే మాట అది.

త్రీడీ ప్రింటర్ ఇచ్చిన బృందం నాజిళ్లు (కరిగిన ప్లాస్టిక్ బయటికొచ్చే మొనలు), ఫిలమెంట్ (ముద్రణకు వాడే ప్లాస్టిక్ తీగ), దానికి తేమ తగలకుండా దాచే డబ్బా, 3 ఏళ్ల మరమ్మతు ఖర్చు కలిపి ఇచ్చింది. నైలాన్ ఫిలమెంట్ గాలిలోని తేమను పీల్చుకుంటే నాజిల్ దగ్గర చిటపటలాడి, ముద్రించిన భాగం బలహీనపడుతుంది. అప్పుడు అందరూ తప్పు యంత్రానిదే అనుకుంటారు. వాడిన యంత్రాలు ఇవ్వదలచినవారు కూడా ఈ పద్ధతే పాటిస్తే బాగుంటుంది. సర్వీస్ మాన్యువల్, సాఫ్ట్‌వేర్ లైసెన్సు బదిలీ పత్రం, చివరి కాలిబ్రేషన్ (కొలతలు సరిచూసిన) ధ్రువపత్రం వెంట రాకపోతే ఎంత మంచి యంత్రమైనా మూలన పడుతుంది. యంత్రానికి త్రీ ఫేజ్ సప్లై కావాలా అన్నది ముందే అడిగి తెలుసుకోవాలి.

ఫీజు సాయం గురించి ఎంత చెప్పినా తక్కువే. అది గడువుకు ముందే చేరింది. గడువు దాటితే హాజరు, పరీక్ష, తర్వాతి సెమిస్టరు నమోదు ఒకదాని వెంట ఒకటి ఆగిపోతాయి, ఆ తర్వాత రెట్టింపు ఇచ్చినా పోయిన సెమిస్టరు తిరిగి రాదు. దరఖాస్తు ఒక్క పేజీతో సరిపెట్టారు. సాయం అందుకున్నవారిని వేదిక మీద నిలబెట్టి ఫొటో తీయమని అడగలేదు. ఆ మర్యాదకు మా నమస్కారం.

శాశ్వత నిధి పెట్టినవారికి కూడా ఒక మాట. అసలు సొమ్మును ముట్టకుండా ఏటా దానిలో 4 శాతానికి సమానమైన రాబడి ఖర్చు చేయాలంటే, ఏడాదికి కావలసిన సాయానికి 25 రెట్ల అసలు సొమ్ము ఉండాలి. అంత మొత్తం చేరేదాకా వార్షిక విరాళం కూడా కొనసాగిస్తామన్నారు, అందువల్ల ఈ ఏడాది విద్యార్థులకు లోటు రాలేదు. ‘ఈ కోర్సు ఆగిపోతే దగ్గరి సబ్జెక్టుకు వాడొచ్చు’ అని పత్రంలో రాయించడం మరీ మంచి పని. ఆ వాక్యం లేకపోతే కోర్సు మూతబడ్డాక డబ్బు ఉండీ వాడుకోలేని పరిస్థితి వస్తుంది.

కొన్న వస్తువుల రసీదులు, స్టాకు రిజిస్టరు ల్యాబ్‌లో ఉన్నాయి, దాతలు ఎప్పుడొచ్చినా చూడవచ్చు. వచ్చే సెమిస్టరుకు ముందుగా కావలసినవి లిథియం పాలిమర్ బ్యాటరీలకు బ్యాలెన్స్ చార్జర్లు (లోపలి సెల్లులన్నిటినీ సమంగా చార్జ్ చేసేవి), మంటను తట్టుకునే చార్జింగ్ పెట్టెలు.