మీ హార్మోనియంలు ఎందుకు ఆలస్యమయ్యాయంటే

న్యూజెర్సీ ఎడిసన్‌లో మా కొట్టుకి హార్మోనియంలు, కీబోర్డులు రిపేరుకిచ్చి వారాల తరబడి ఎదురుచూస్తున్న మీ అందరికీ ముందుగా క్షమాపణ. "ఏమండీ, మా పిల్లాడి అన్నమయ్య కీర్తనల పోటీ కూడా అయిపోయింది, పెట్టె ఇంకా రాలేదు" అని పోయిన వారం ఒకావిడ ఫోన్ చేశారు. రీడ్లు ఇండియా నుంచి రావాలండీ అన్నాను. అబద్ధం. రీడ్లు ఎప్పుడో వచ్చాయి. నేనే పనికి కూర్చోలేదు.

అసలు కారణం లోపలి గదిలో ఉంది: కరెంటుతో నడిచే రెండు హామండ్ బి-3 ఆర్గన్లు. స్టూలూ, కాళ్ళతో వాయించే పెడళ్ళూ కలిపి ఒక్కోటి 400 పౌండ్ల పైమాటే, జరపాలంటే నలుగురు కావాలి. 1954లో మొదలుపెట్టి డెబ్బైల మధ్యలో వీటి తయారీ ఆపేశారు. గాలి లేదు, తిత్తి లేదు. లోపల 91 ఇనప చక్రాలు ఒక మోటారుతో తిరుగుతుంటాయి, పళ్ళున్న అంచు అయస్కాంతం ముందు నుంచి పోతుంటే స్వరం పుడుతుంది. చర్చిల్లో ఎక్కువగా మోగిన ఈ పెట్టెను జాజ్‌లోకి లాక్కొచ్చినవాళ్ళలో చాలామంది మనకి పక్కనే ఉన్న ఫిలడెల్ఫియా చుట్టుపక్కలవాళ్ళే.

అందరికంటే పెద్ద పేరు జిమ్మీ స్మిత్‌ది. ఒక గోదాములో ఆర్గన్ పెట్టుకుని, గోడకి పెడళ్ళ బొమ్మ అంటించుకుని, నెలల తరబడి సాధన చేశాడు. 1956లో తన పేరు మీద తొలి ఆల్బం వచ్చింది. ఎడమ చేత్తో బేసు, అంటే కింది స్వరాలు, నడిపిస్తూ, కాలి మునివేళ్ళతో పెడల్ని అలా తాకి వదిలేవాడు. ఆ చిన్న తాకుడుతో బేసు తీగ మీటినట్టు వినిపిస్తుంది. ఆయన 2005లో పోయాడు. మిగతా పేరున్న ఆర్గనిస్టులూ అంతే: అంతకు ముందే 2002లో షర్లీ స్కాట్, తర్వాత 2008లో జిమ్మీ మెక్‌గ్రిఫ్, 2010లో ట్రూడీ పిట్స్. 2021 సెప్టెంబరులో డాక్టర్ లానీ స్మిత్. తలపాగా చూసి సర్దార్జీ అనుకునేరు, కాదు. డాక్టరూ కాదు, తోటివాళ్ళు పెట్టిన పేరు. మరుసటి ఏడు ఆగస్టులో జోయీ డిఫ్రాన్సెస్కో, 51 ఏళ్ళకే. తండ్రీ ఆర్గనిస్టే. పదిహేడేళ్ళకి జాజ్ ట్రంపెట్ దిగ్గజం మైల్స్ డేవిస్ బృందంలో వాయించిన మనిషి. ఆ వార్త చూసిన రోజు కొట్టు తియ్యలేదు నేను.

మా నాన్నగారు తెనాలి వైపు పద్యనాటకాలకి హార్మోనియం వాయించేవారు. కాళ్ళతో తొక్కే పెట్టె, అందుకని రెండు చేతులూ మెట్ల మీదే. ఆయన పోయాక ఆ పెట్టెని ముట్టుకున్నవాళ్ళు లేరు. ఎలకలు తిత్తి కొరికేశాయి. నేనప్పటికే అమెరికాలో ఉన్నాను. ఈ ఆర్గన్లు కొన్నప్పుడు నా బుర్రలో ఉన్నది అదే. వ్యాపారం లెక్క చూసుకుంటే కొనేవాణ్ణి కాదు.

పైగా కొన్నాక వెధవ పని ఒకటి చేశాను. ఏడాదికోసారి చక్రాలకి నూనె పొయ్యాలి. లోపల నూలు దారాలుంటాయి, వాటి గుండా అది మెల్లగా ఇరుసులకి చేరుతుంది. దీనికి ప్రత్యేకమైన నూనె ఉంది. అది అయిపోతే చేతికందిన వేరే నూనె పోశాను. కొన్నాళ్ళకి జిగురుకట్టి చక్రాలు బిగుసుకుపోయాయి. విప్పి, కడిగి, మళ్ళీ బిగించేసరికి ఏడు వారాలు. మీ హార్మోనియంలు అటక మీద ఉన్నది ఆ ఏడు వారాలే.

ఈ హడావిడి దేనికి, ఇప్పటి డిజిటల్ కీబోర్డులో ఆర్గన్ శబ్దం అచ్చం అలాగే వస్తుంది కదా అంటారా? వస్తుంది. నాకే ఒక్కోసారి తేడా తెలియదు. కానీ పిల్లల్ని కూర్చోబెట్టి చూశాను. బి-3 మీద పెర్కషన్ అనే మీట వేసి వాయిస్తే మొదటి స్వరమే టింగుమంటుంది, వేళ్ళన్నీ పైకి లేపితే గానీ మళ్ళీ రాదు. ఇది ఎవరూ చెప్పకుండానే పదేళ్ళ పిల్ల పావుగంటలో కనిపెట్టి, వేళ్ళు ఎప్పుడు ఎత్తాలో తనే వెతుక్కుంది. కీబోర్డులోనూ ఆ ఏర్పాటుంది, అయితే అందులో ఇంకో మూడొందల శబ్దాలు కూడా ఉన్నాయి, పిల్లలు అక్కడ ఆగరు.

కాబట్టి కొత్త కీబోర్డుల అమ్మకం ఆపేస్తున్నాను. ముందు గదిలో ఒక బి-3, దాని తిరుగుడు లెస్లీ స్పీకరు ఉంటాయి. శనివారాలు 2 నుంచి 5 దాకా ఎవరైనా వచ్చి వాయించుకోవచ్చు, డబ్బు అక్కర్లేదు. దానికోసం హార్మోనియం శ్రుతి చెయ్యడానికి 20 డాలర్లు పెంచక తప్పడం లేదు. సంగీత్ ఫంక్షన్లకి మాత్రం అద్దెకివ్వను, స్టేజీ అలంకారానికి అడుగుతున్నారు.

పాత హామండ్ కొని హైదరాబాదు పంపుతాననేవాళ్ళకి ఒక మాట. ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజీనే మారుస్తుంది. అక్కడి కరెంటు 50 సైకిల్స్, ఇక్కడ 60. మోటారు నెమ్మదించి శ్రుతి మొత్తం తెల్లవీ నల్లవీ కలిపి దాదాపు మూడు మెట్లు కిందికి జారుతుంది. ఫ్రీక్వెన్సీ మార్చే పరికరం కూడా కొనండి, లేదా ఆ ఆలోచన మానుకోండి.

ఇకమీదట మంగళ, బుధవారాలు హార్మోనియంలకే. అటక మీదివి వచ్చిన వరసలోనే చేస్తాను. ఒక్కటి తప్ప: నేను అబద్ధం చెప్పిన ఆవిడది ఈ గురువారానికి సిద్ధమవుతుంది. ఆవిడ దగ్గర డబ్బు తీసుకోను.