చెట్లు గీశాకే ఇల్లు గీయమను

గుంటూరు

చి.సౌ. శైలజకు నాన్న ఆశీస్సులు.

నువ్వు పంపిన ప్లాన్ అమ్మా నేనూ చూశాం. ఇల్లు బాగుంది, చెట్లే లేవు. గోరంట్ల స్థలంలో పడమటి వేప ఉన్నచోట పార్కింగు, బావి పక్క మామిళ్ల చోట సెప్టిక్ ట్యాంకు గీశారు. బావి పక్కన సెప్టిక్ ట్యాంకేమిటమ్మా అసలు?

మే నెలలో మధ్యాహ్నం మూడు దాటితే పడమటి గోడ పెనంలా కాలుతుంది. ఆ వేడి రాత్రి దాకా గదిలోకి దిగుతూనే ఉంటుంది. వేపకు ఉగాదికల్లా కొత్త చిగురొస్తుంది కాబట్టి ఎండలు ముదిరేసరికి నీడ సిద్ధం. సాయంత్రపు ఎండ వాలుగా పడుతుంది గనక ఇల్లు తూర్పుకు జరిపినా ఆ నీడ గోడకు అందుతుంది.

జరపక తప్పదు కూడా. మనది నల్లరేగడి. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే నెర్రెలిస్తుంది. చెట్టు పక్కనే పునాది ఉంటే వేళ్లు తడి పీల్చి నేల కుంగుతుందని మేస్త్రీ అన్నది నిజమే. అందుకని కొట్టేద్దామంటాడు. కానీ పెద్ద చెట్టు కొట్టేసి వెంటనే అక్కడే కడితే, అది తాగే తడి మట్టిలోనే నిలిచి నేల ఏళ్ల తరబడి మెల్లగా పైకి లేస్తుంది. అప్పుడూ గోడలు పగిలేవే. పునాదికి అండర్ రీమ్డ్ పైల్స్, అంటే నేలలోకి లోతుగా దించి అడుగున ఉబ్బుగా పోసే కాంక్రీటు స్తంభాలు వేసి, మీద బీములు తిప్పుతారేమో ఇంజినీరును అడుగు. రేగడి నేలల కోసం రూర్కీ బిల్డింగ్ రీసెర్చ్ వాళ్లు అభివృద్ధి చేసిన పద్ధతి. పొడుగునా లోతుగా కందకం తవ్వక్కర్లేదు, వేళ్లూ అంతగా తెగవు.

2024లో బుడమేరు వాగు విజయవాడ సింగ్‌నగర్‌ను ముంచినప్పటి నుంచి మీ బాబాయి మెరక తోలించమని ఒకటే గొడవ. ఇల్లు ఎంతైనా ఎత్తు చేసుకో, చెట్ల మొదళ్ల దగ్గర మాత్రం మట్టి పోయించకు. పీచువేళ్లు ఎక్కువగా పైపై రెండు మూడు అడుగుల్లోనే ఉంటాయి, గాలాడక చస్తాయి. చెట్టు వెంటనే ఎండదు, గృహప్రవేశమయ్యాక ఎప్పుడో ఎండుతుంది. ఎందుకో ఎవరికీ తట్టదు. పని మొదలవకముందే కొమ్మల అంచు దాకా చుట్టూ తడికె కట్టించు. లోపల ఇసుక, కంకర పోయకూడదు, సిమెంటు కడిగిన నీళ్లు పారబోయకూడదు.

రెండో మామిడికి పుచ్చు పట్టింది, దాన్ని తీసేసినా నాకేం బాధలేదు. చెట్లు కొట్టే విషయంలో వాల్టా చట్టం ఉంది గనక ముందు అనుమతి సంగతి చూసుకోండి.

ఆదివారం టేపు పట్టుకెళ్లి మొదళ్లు, కొమ్మల విస్తీర్ణం కొలిచి పంపుతాను. అవి కాగితం మీద పెట్టాకే కొత్త ప్లాన్ మొదలుపెట్టమను. వంటగది ఎటు రావాలో మీ అమ్మ వేరే ఫోన్ చేస్తుందట, అది మీరిద్దరూ తేల్చుకోండి.

మీ నాన్న