గ్రౌండ్ ఆరబెట్టిన చేతులకి, వల అల్లిన చేతులకి

నిన్న సాయంత్రం గోల్ పోస్టుల వలలు విప్పి మడతపెట్టేశాం. ఈ ఏడాదికి మా కాలేజీ ఫుట్‌బాల్ సీజన్ అయిపోయింది. యూనివర్సిటీ ఇంటర్ కాలేజ్ టోర్నమెంట్‌లో సెమీఫైనల్ దాకా వెళ్ళి 2-1 తేడాతో ఓడిపోయాం. నాకు తెలిసినంతలో మావాళ్ళు మొదటి రౌండ్ దాటడం ఇదే మొదటిసారి. నేను కెప్టెన్ని, కీపర్ని. మా వెనక నిలబడ్డవాళ్ళ గురించి రాయకపోతే నాకు నిద్ర పట్టదు.

ఆగస్టులో మా పరిస్థితి చూసినవాళ్ళెవరూ ఇంత దూరం వస్తామనుకుని ఉండరు. ధవళేశ్వరం దగ్గర గోదావరి నీటిమట్టం 11.75 అడుగులకి వస్తే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది. ఆ మాట వినగానే మా టీమ్‌లో టెన్షన్ మొదలవుతుంది, ఎందుకంటే మా మిడ్‌ఫీల్డ్‌లో ముగ్గురు నది మధ్య లంక ఊళ్ళ కుర్రాళ్ళే. ఒడ్డుకి వచ్చే కాజ్‌వే రోడ్డు మునిగిందంటే వాళ్ళకి పడవే దిక్కు. పడవ బాబాయ్, అన్ని రోజులూ పొద్దున్నే ప్రాక్టీస్ టైముకి వాళ్ళని ఒడ్డుకి చేర్చారు. లైఫ్ జాకెట్ వేసుకోందే ఎక్కనిచ్చేవారు కాదట. ఒక్క రూపాయి పుచ్చుకోలేదు. మీకు దణ్ణం బాబాయ్.

ఇక గ్రౌండ్. మాది పల్లపు నేల. వాన వెలిసి నాలుగు రోజులైనా పెనాల్టీ బాక్స్‌లో చీలమండ లోతు బురద. రెండు రోజులు బకెట్లతో తోడాం. మూడో రోజు వచ్చి చూస్తే మళ్ళీ అంతే నీరు. పక్క చేలో పని చేసుకుంటున్న రైతులు గట్టు మీద నిలబడి కాసేపు చూశారు. "తోడితే పోదు బాబూ, వాలు చూసి దారివ్వాలి" అని ఒకాయన పార పట్టుకుని దిగిపోయారు, వెనకే ఇంకో నలుగురు. టచ్‌లైన్‌కి అవతల రెండు వైపులా బోదెలు తవ్వి, మూల దగ్గర మురుగు కాలువలోకి కలిపారు. సాయంత్రానికి నీరు కదిలింది. సెంటర్ సర్కిల్‌లో గడ్డి బయటపడేసరికి మావాళ్ళు ఒకటే కేకలు. ఆ రోజు వాళ్ళ సొంత చేలల్లో కూడా నీళ్ళు నిలిచే ఉన్నాయని నాకు తర్వాత తెలిసింది. తల్చుకుంటే ఇప్పటికీ గొంతు పూడుకుపోతుంది.

రైస్ మిల్లు వాళ్ళు రెండు ట్రాక్టర్ల ఊక పంపారు. పీచు ఫ్యాక్టరీ వాళ్ళు కొబ్బరి పొట్టు ఎంత కావాలంటే అంత పట్టుకెళ్ళమన్నారు. పొట్టు నీటిని బాగా పీల్చుకుంటుంది కదా, గోల్ ముందు అదే పరిచి, పైన ఇసుక చల్లి, అందరం కలిసి తొక్కాం. కీపర్ ఎక్కువగా పడేదీ లేచేదీ అక్కడే. ఆ పొట్టు చేసిన మేలు నా మోచేతులకి తెలుసు.

ఊక మోస్తున్నప్పుడే మా పీడీ (ఫిజికల్ డైరెక్టర్) సార్ 1962 జకార్తా ఏషియన్ గేమ్స్ కథ చెప్పారు. ఫైనల్లో మనవాళ్ళు దక్షిణ కొరియాని 2-1తో కొట్టారు. కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీమ్‌ది హైదరాబాద్, టీమ్‌లో ఆడిన తులసీదాస్ బలరాంది సికింద్రాబాద్. తలకి కుట్లు పడ్డ జర్నైల్ సింగ్‌ని రహీమ్ గారు ఫార్వర్డ్‌గా ఆడిస్తే, ఫైనల్లో ఆయన గోల్ కొట్టాడు. క్వార్టర్ ఫైనల్లో మా స్టాపర్ (డిఫెన్స్ మధ్యలో ఆడేవాడు) కనుబొమ్మ చిట్లినప్పుడు వాడు ఈ కథే గుర్తు చేసుకుని మళ్ళీ దిగుతానన్నాడు. అయితే సార్ ఒప్పుకోలేదు. డాక్టర్ గారు చూసి సరేనన్న తర్వాతే సెమీస్‌కి తీసుకున్నారు. అంత గొప్ప కథ చెప్పి కూడా, మా కుర్రాడి కన్ను ముఖ్యమనుకున్నారు చూడండి, అందుకు సార్‌కి ప్రత్యేకంగా థాంక్స్.

అన్నిటికన్నా ఎక్కువ చెప్పాల్సింది వలల గురించి. పాత నెట్లు చివికిపోయాయి. కొత్తవాటికి డబ్బు చాలలేదు. మా రైట్ బ్యాక్‌ది సముద్రం ఒడ్డు ఊరు, వాళ్ళ తాతగారు వేటకి వెళ్ళడం మానేసి వలలు అల్లుకుంటున్నారు. గోల్ 24 అడుగుల వెడల్పు, 8 అడుగుల ఎత్తు అని కాగితం మీద రాసి తీసుకెళ్ళాం. ఆయన కాగితం పక్కనపెట్టి, రెండు చేతులూ చాచి, "అంటే నాలుగు బారలేగా" అన్నారు. నైలాన్ దారం మేం కొన్నాం. అరచెయ్యి పట్టేంత కన్ను వేస్తూ, కాలి బొటనవేలికి దారం తగిలించుకుని అరుగు మీద రోజూ అల్లారు. బంతి గట్టిగా తగిలే చోటు ఎక్కడని నన్నడిగి, పై మూలల దగ్గర దారం జంట చేశారు. అడుగు అంచుకి చేపల వలకి కట్టినట్టే సీసపు గుళ్ళు కట్టారు, గాలికి లేవకుండా.

బంతి వలలో పడితే ఆ గుళ్ళు ఒకసారి గలగలమంటాయి. నా వెనక ఆ చప్పుడు వినిపిస్తే మనసు చివుక్కుమనేది. అవతలి గోల్‌లో వినిపిస్తే ఒళ్ళు పులకరించేది. సెమీస్ వేరే ఊళ్ళో జరిగింది. మా ఒక్క గోల్ పడ్డప్పుడు ఆ చప్పుడు లేదు. తాతగారు మ్యాచ్ చూడ్డానికి వచ్చారు, గోల్ వెనకాలే నిలబడి ఆయనే చప్పట్లు కొట్టారు.

బయటి ఊరి మ్యాచ్‌లకి తెల్లారకుండానే పులిహోర పొట్లాలు కట్టిచ్చిన టిఫిన్ సెంటర్ అత్తయ్యగారికి, జెర్సీలు కొనిపెట్టిన పూర్వ విద్యార్థులకి, మ్యాచ్ రోజుల్లో అటెండెన్స్ చూసుకున్న లెక్చరర్లకి, ఎండలో నిలబడి అరిచిన మా కాలేజీ అమ్మాయిలకి, అబ్బాయిలకి పేరుపేరునా కృతజ్ఞతలు.

నాది ఫైనల్ ఇయర్. వచ్చే సీజన్‌కి గ్లోవ్స్ మా సెకండియర్ తమ్ముడికి ఇచ్చేశాను. ఒక వల రెండు చోట్ల తెగింది, రాత్రే తాతగారి అరుగు మీద పెట్టి వచ్చాం. వానలు పడేలోపు బోదెల్లో పూడిక తియ్యాలని జూనియర్లకి చెప్పాను. పార పట్టడం వాళ్ళకింకా సరిగా రాదు. ఈసారి కూడా ఒకసారి గట్టు దిగి చూపించండి, రైతు బాబాయ్.